పదిహేడో ఏనుగు

అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం శరభాచారి గారికి చేతకాదని ఆయన శిష్యులు చాటుగా వేళాకోళం చేసుకునేవారు. ఆయనకు చేతనైనదల్లా పని చెప్పడం. గుడి కప్పు అంత బరువును స్తంభం ఎలా మోస్తుందని ఒకతను అడిగితే, నిండు బిందె నెత్తిన పెట్టుకుని వీధి చివరిదాకా నడిచి రమ్మన్నారు. గర్భగుడి అంత చీకటిగా ఎందుకుంటుందని ఇంకొకాయన అడిగితే, పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా అందులో కూర్చోబెట్టారు. ఇలా పనులు చెప్పించుకున్నవాళ్ళలో సగం మంది విసుగెత్తి వేరే గురువులను వెతుక్కున్నారు. మిగిలిన సగం మంది మాత్రం గుళ్ళ గురించి ఏ గ్రంథంలోనూ దొరకని సంగతులు తెలిసినవాళ్ళయ్యారు. ఆయన పుట్టింది రాతిపని చేసే ఆచారుల ఇంట. తండ్రి దగ్గర ఉలి పట్టి, ఆ తర్వాత సంస్కృతం చదివి, శిల్పశాస్త్రాన్ని రాయి పక్కన పెట్టుకుని చదవడం ఎలాగో రెండు తరాలకు నేర్పిన మనిషి. డెబ్భై రెండేళ్ళు వచ్చాయి. పని మొదలుపెడితే అది ముగిసేదాకా మెతుకు ముట్టరు. శిష్యులు దాన్ని గొప్ప వ్రతమని చెప్పుకునేవారు, కొందరైతే అనుకరించి కళ్ళు తిరిగి పడ్డారు కూడా. ఇక ఆయన నోట ఎప్పుడూ ఆడే మాట ఒకటుంది: "అంకె వెయ్యనిదే రాయి కదపకూడదు." ఎవరైనా పుస్తకం తీసినా, పీట జరిపినా ఆ మాటే. చాదస్తమని అందరూ నవ్వి ఊరుకునేవారు.

వకుళ ఆయన ఆఖరి శిష్యురాలు. వాళ్ళ నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. పుస్తకమన్నది లేని ఇంటినుంచి వచ్చి, పట్టుపట్టి సంస్కృతం నేర్చుకుని, ఆరేళ్ళుగా ఒకే ఒక్క గుడి మీద పరిశోధన చేస్తోంది. కూడలిపాడు కపిలేశ్వరాలయం అది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట కట్టింది. యాభై ఏళ్ళ కిందట నదికి ఆనకట్ట వేసినప్పుడు కూడలిపాడు ఊరు ఊరంతా నీళ్ళపాలైంది. గుడిని మాత్రం రాయి రాయిగా ఊడదీసి, రాయి రాయికీ ఎర్రరంగుతో అంకె వేసి, తూర్పున రెండు కోసుల దూరంలో ఉన్న మిట్ట మీదికి మోసుకెళ్ళి, ఆ అంకెల ప్రకారమే మళ్ళీ నిలబెట్టారు. అంకెలు వేసిన నలుగురు కుర్రవాళ్ళలో శరభాచారి గారు ఒకరు. ఆ పని మీద నివేదిక రాసింది కూడా ఆయనే. ఆయన పేరు నలుగురి నోటా పడ్డది ఆ నివేదికతోనే.

ఆ గుడి అరుగుకు రెండు వైపులా, మనిషి నడుమెత్తున, మూరెడేసి ఏనుగుల వరస చెక్కి ఉంది. ఒక్కో ఏనుగు ఒక్కో రాయి. దక్షిణం వైపు ఇరవై నాలుగు, ఉత్తరం వైపు ఇరవై నాలుగు. అన్నీ గుడి వెనకనుంచి బయల్దేరి, తూర్పున ఉన్న మెట్లవైపు నడుస్తుంటాయి. దక్షిణపు వరసలో, మెట్లనుంచి లెక్కపెడితే పదిహేడోది ఒక్కటే వెనక్కి తిరిగి పడమటి దిక్కుగా నడుస్తుంటుంది. మొదటిసారి దాన్ని చూసినప్పుడు వకుళకు ఒళ్ళు జలదరించింది. మన పూర్వులు మనిషికి రెండు దారులు చెప్పారు కదా: లోకంలోకి నడిచే ప్రవృత్తి ఒకటి, లోకంనుంచి తనలోకి మళ్ళే నివృత్తి ఒకటి. మంది అంతా ఒకవైపు పోతుంటే ఒక్కడు వెనక్కి మళ్ళుతాడు, వాడే జ్ఞాని. ఆ మాటను శిల్పి రాతిలో చెప్పాడని వకుళ తేల్చింది. ఆ ఒక్క ఏనుగు మీద నూట పది పుటల అధ్యాయం రాసింది. అందులో పదిహేడు అంకెకు కూడా అర్థం చెప్పింది. చదివినవాళ్ళంతా వహ్వా అన్నారు. గురువుగారు మాత్రం విని, తల దించుకుని, "బాగా రాశావు" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఆయన కళ్ళు చెమర్చాయని వకుళ మురిసిపోయింది.

పరిశోధన గ్రంథం విశ్వవిద్యాలయానికి సమర్పించడానికి ఇంకా పది రోజులే ఉంది. గడువు అప్పటికే రెండుసార్లు పెంచారు, ఇక పెంచేది లేదని గట్టిగా చెప్పారు. ఆరేళ్ళ కష్టం, దాని వెనక వచ్చే ఉద్యోగం, తన చదువు మీద ఆశలు పెట్టుకున్న ఇల్లు, అంతా ఆ పది రోజుల మీద ఆధారపడి ఉంది. సరిగ్గా అప్పుడు, ముందుగా చదవడానికి పరీక్షకులకు పంపిన ప్రతి తిరిగొచ్చింది. ఏనుగు అధ్యాయం పక్కన, ఖాళీలో, ఎవరో పెన్సిలుతో ఒక్క వాక్యం రాశారు: 'ఇది కట్టినవారి ఆలోచనా, రాసినవారి ఆలోచనా?'

ఆ వాక్యం వకుళకు కాలిలో ముల్లయింది. పడుకుంటే అదే, లేస్తే అదే. ఉండబట్టలేక గురువుగారి ఇంటికి పరిగెత్తింది. ఆయన వసారాలో కూర్చుని పాత ఉలులకు నూనె రాస్తున్నారు.

"గురువుగారూ, గుడిని చూసి మనం ఒక అర్థం చెబుతాం. అది కట్టినవాళ్ళ మనసులో నిజంగా ఉందని మనకెలా తెలుస్తుంది?"

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది.  ఎప్పుడూ చటుక్కున పని చెప్పే మనిషి అంతసేపు ఆలోచించడం వకుళ అంతవరకూ చూడలేదు.

"కూడలిపాడులో ఏనుగులెన్ని?" అన్నారు చివరికి.

"నలభై ఎనిమిది."

"లెక్కపెట్టావా?"

"మీ నివేదికలో ఉంది కదండీ!"

"అది నేను లెక్కపెట్టింది. నువ్వు వెళ్ళి లెక్కపెట్టి రా. ప్రదక్షిణం చేసే దారిలోనే నడువు. ఒక్కొక్కదాని తొండం కొస మీద వేలు పెట్టి అంకె రాసుకో. ఒక్కటి కూడా వదలకు."

వకుళకు ఒళ్ళు మండిపోయింది. ఇల్లు కాలుతుంటే ఏనుగులు లెక్కపెట్టమంటాడేమిటి ఈ పెద్దమనిషి! "గురువుగారూ, పది రోజులే ఉందండీ" అంది, ఏడుపొక్కటే తక్కువగా.

"అందుకే పొద్దుటి బస్సుకే వెళ్ళు" అన్నారాయన, ఉలివంక చూస్తూ.

మర్నాడు పొద్దున్నే, తిట్టుకుంటూనే, వకుళ బస్సెక్కింది. మిట్ట మీది గుడి చేరేసరికి పది దాటింది. ఎండ అప్పుడే చుర్రుమంటోంది. మెట్ల పక్కన పుస్తకం తెరిచి, దక్షిణం వైపు మొదటి ఏనుగు తొండం మీద వేలు పెట్టి 'ద 1' అని రాసుకుంది. రెండు, మూడు, నాలుగు. తెలిసిన ఏనుగులే. చూడాలని కూడా లేదు. వేలు పెట్టడం, అంకె వెయ్యడం, ముందుకు జరగడం. పదిహేడో ఏనుగు దగ్గరికి వచ్చేసరికి అక్కడ గుడి ఊడ్చే సవారమ్మ కూర్చుని, దాని నుదుటికి పసుపు రాస్తోంది. వకుళకు ఆరేళ్ళుగా తెలిసిన ముసలమ్మ. వచ్చినప్పుడల్లా పలకరిస్తుంది, వకుళేమో కొలతల హడావుడిలో తలూపి తప్పుకుంటుంది.

"మల్లొచ్చినవా బిడ్డా? ఇంకా అయిపోలేదా నీ రాసుడు?" అంది సవారమ్మ నవ్వుతూ.

"అయిపోవస్తోంది అవ్వా. రోజూ దీనికొక్కదానికే పసుపు పెడతావేం?"

"ఇన్నేండ్లకు అడిగినవు!" ముసలమ్మ పసుపు చెయ్యి కొంగుకు తుడుచుకుని పడమర చూపించింది. దూరంగా ఎండలో నీళ్ళు మెరుస్తున్నాయి. "అగో, గాడనే మా ఊరు. నీళ్ళ కింద. మా అమ్మ నన్ను కన్న ఇల్లు గాడనే ఉన్నది. ఊరు మునిగినంక తలా ఒక దిక్కు పోయిన్రు. గుడి మిట్టెక్కింది, దేవుడు ఒచ్చిండు, గీ ఏనుగులన్ని గూడ తూర్పుకు మొకం పెట్టి నడవబట్టినయి. గిదొక్కటే ఎనక్కి మళ్ళి మా ఊరి దిక్కు సూస్తది. మమ్ములను యాది మర్వనిది గిదొక్కటే. బొంబాయికి పనికి పోయేటోళ్ళు గూడ దీన్ని మొక్కి పోతరు, మల్ల తిరిగి రావాలెనని."

వకుళ రాసిన నూట పది పుటల్లో ఈ మాట ఒక్కటి లేదు. ముసలమ్మ ఆరేళ్ళుగా ఇక్కడే ఉంది, తాను ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. కొంచెం సిగ్గేసింది. దక్షిణం వైపు ఇరవై నాలుగూ ముగించి, గుడి వెనకనుంచి తిరిగి ఉత్తరం వైపుకు వచ్చింది.

ఉత్తరం వైపు ఎవరూ పెద్దగా చూడరు. అక్కడ, గుడి లేచిన కొన్నాళ్ళకే, అరుగును ఆనించి ఒక సామాను గది కట్టారు. ప్రదక్షిణం చేసేవాళ్ళు ఆ గది చుట్టూ తిరిగి పోతారు. వకుళ కూడా ఎప్పుడూ అలాగే పోయింది. లోపలున్న ఆరు ఏనుగులను ఆమె చూడలేదు. చూడవలసిన అవసరం ఉందని కూడా అనుకోలేదు. నివేదికలో ఉత్తరం వరస 'యథాతథం' అని రాసి ఉంది మరి. ఒక్కటి కూడా వదలకని గురువుగారు చెప్పకపోతే ఇవాళ కూడా అలాగే పోయేది. ఇరవై నాలుగునుంచి ఇరవైదాకా లెక్కపెట్టి, గది గోడ అడ్డురాగానే సవారమ్మను కేకేసింది.

"గాడేముంటది బిడ్డా, తేళ్ళు తప్ప!" అంటూనే ముసలమ్మ మొలలోంచి తాళంచెవి తీసింది. లోపల ఊరేగింపు నంది వాహనం, పందిరి గుంజలు, చుట్టిన చాపలు. ఇద్దరూ కలిసి చాపలు ఒకటొకటే ఇవతలికి లాగారు. దుమ్ముకు వకుళకు దగ్గు తెర వచ్చింది. గోడ కింద ఏనుగులు కనబడ్డాయి. పంతొమ్మిది, తూర్పుకే. పద్దెనిమిది, తూర్పుకే. పదిహేడోదాని తొండం కోసం వేలు ముందుకు చాపితే, తోక తగిలింది.

వకుళ చాపను మొత్తం లాగేసి తలుపు బార్లా తీసింది. ఉత్తరం వరసలో కూడా పదిహేడో ఏనుగు వెనక్కి తిరిగి ఉంది.

ఇక చెప్పేదేముంది! రాతిపని కాస్త తెలిసినవాళ్ళెవరికైనా ఆ క్షణమే తెలిసిపోతుంది. దక్షిణం గోడ మీద తూర్పుకు నడిచే ఏనుగును ఉత్తరం గోడలో పెడితే అది పడమటికి నడుస్తుంది. ఉత్తరందాన్ని దక్షిణంలో పెట్టినా అంతే. రెండు వైపులా ఒకే స్థానంలో రెండు ఏనుగులు తిరగబడ్డాయంటే, శిల్పి ఏ జ్ఞానినీ చెక్కలేదు. రెండు రాళ్ళు తారుమారయ్యాయి. నివృత్తి లేదు, పదిహేడుకు అర్థం లేదు, నూట పది పుటల్లో నిలిచే పుట ఒక్కటి లేదు. వకుళ అక్కడే చతికిలబడింది. అప్పుడు కనబడింది, ఏనుగు పొట్ట కింద, ఎండా వానా తగలక చెక్కుచెదరని ఎర్రరంగు అంకె: 'ఉ 17'. ఉత్తరం, పదిహేడు. అంటే మేస్త్రీ అంకె చూసి సరిగ్గానే పెట్టాడు. తప్పు అంకె వేసినవాడిది. ఆ ఏడుకు నడుము మీద చిన్న అడ్డగీత ఉంది, గీత కొస కిందికి వంగి ఉంది. ఆ ఏడును వకుళ ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆరేళ్ళుగా ఆమె రాసిన ప్రతి పుటనూ దిద్ది, మూలన అంకె వేసింది ఆ చెయ్యే.

"ఏమైంది బిడ్డా? పురుగు గిట్ల కనవడ్డదా?" అంది సవారమ్మ కంగారుగా.

వకుళకు ముందు వచ్చింది కోపం. ఆయనకు తెలుసు! తెలిసీ ఆరేళ్ళు రాయనిచ్చాడు, చదివించుకుని విన్నాడు, బాగుందన్నాడు! ఆ కోపం మీదే, వెంటనే, ఇంకొకటి వచ్చింది: తెలిసినవాడు తననెందుకు పంపాడు? పంపకపోతే ఈ చాపలు ఎవరు లాగేవారు? ఆ ఆలోచనకు కోపం కాస్తా దుఃఖమైపోయింది. తన గ్రంథం పోయిందని ఏడవాలో, ఆయన పేరు పోతుందని ఏడవాలో తెలియక రెండింటికీ కలిపి ఏడ్చింది. సవారమ్మ పక్కన కూర్చుని వీపు రాస్తూ ఉండిపోయింది, ఎందుకని అడగలేదు.

ఏడుపు తెరిపినిచ్చాక వకుళ ఆమెకు అంతా చెప్పింది. చెప్పకుండా దాచడానికి మనసొప్పలేదు. ఆ ఏనుగు మీ ఊరి కోసం తిరగలేదవ్వా, పొరపాటున తిరిగింది, అంకె వేసినవాళ్ళు తప్పువేశారు అంది. ముసలమ్మ అంతా విని, కాసేపు ఎర్రటి అంకెవంక చూసింది.

"పొరపాటో ఏందో నాకేమెరుక. ఊరు ముంచినోళ్ళు సక్కగ లెక్కవెట్టే ముంచిరి గద, అండ్ల పొరపాటు లేకపాయె. లెక్క తప్పినోడు ఎవడోగని, మా దిక్కు సూసేటట్టు తిప్పిండు. సల్లగుండాలె వాడు" అంది.

వకుళ ఇంటికి పోదామని లేచింది. కానీ పుస్తకంలో ఇంకా పదహారు ఏనుగులు మిగిలి ఉన్నాయి. చెప్పిన పని సగంలో వదిలితే ఆయన ముందు నిలబడి అడగవలసింది అడగలేనని, మొండిగా, మళ్ళీ తొండం కొస మీద వేలు పెట్టింది. పదహారు, పదిహేను, పద్నాలుగు. గది దాటి ఎండలోకి వచ్చింది. పన్నెండు, పదకొండు. తొమ్మిదో ఏనుగు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇందాక వెనకమూల మొదలుపెట్టినప్పుడు వేలు తన నడుము దగ్గర ఉంది. ఇప్పుడు పొట్ట దాటి పైకి వచ్చింది. ఎనిమిదో తొండం ఇంకొంచెం పైన. అయిదోది ఏనుగు నోటి ఎత్తున. మూడోది దాని కళ్ళ ఎత్తున. మెట్ల పక్కన మొదటి ఏనుగు తొండం తల మీదికి లేచి ఉంది. దాని మీద వేలు పెట్టేసరికి వకుళ చెయ్యి తన గుండె దాటి భుజం దగ్గరికి వచ్చింది.

ఆమె పుస్తకం చంకలో పెట్టుకుని మళ్ళీ దక్షిణం వైపుకు పరిగెత్తింది. అక్కడా అంతే: మెట్ల దగ్గర తొండం ఎత్తున, వెనక్కి పోయేకొద్దీ కిందికి. మూడుసార్లు తిరిగింది. గుడిలోకి వచ్చినవాడు ప్రదక్షిణం మొదలుపెడితే దక్షిణం వైపు ఏనుగులు ఎదురొస్తాయి. నడిచేకొద్దీ తొండాలు దిగుతూ దిగుతూ, గుడి వెనకకు చేరేసరికి నేలను తాకుతాయి. అక్కడ మలుపు తిరిగితే ఉత్తరం వైపు ఏనుగులు మనిషికి తోడుగా నడుస్తాయి, అడుగడుగుకూ తొండం ఎత్తుకుంటూ. మళ్ళడమనేది ఈ గుడిలో ఉంది. అది ఒక్క ఏనుగులో లేదు. గుడి వెనక, దీపం కూడా పెట్టని ఆ మూల, ప్రతి మనిషీ నడిచే దారిలోనే ఉంది. ఉత్తరం దారికి గది అడ్డుపడ్డందువల్ల యాభై ఏళ్ళుగా ఎవరూ ఆ వరస పక్కన నడవలేదు. వకుళ మెట్ల మీద కూర్చుని, ఏడ్చిన ముఖంతోనే నవ్వింది. సవారమ్మ ఈ పిల్లకు ఎండదెబ్బ తగిలిందనుకుని చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మర్నాడు పొద్దున వకుళ వెళ్ళేసరికి శరభాచారి గారు వసారాలోనే ఉన్నారు. ముందురోజు ఆమె బస్సెక్కినప్పటినుంచి ఆయన ఏమీ తినలేదని ఇంట్లోవాళ్ళు మొత్తుకుంటున్నారు.

"ఎన్ని?" అన్నారు.

"నలభై ఎనిమిదండీ. నలభై ఆరు ముందుకు, రెండు వెనక్కి."

ఆయన కళ్ళు మూసుకుని తలూపారు. చాలాకాలంగా ఎదురుచూస్తున్న మనిషి గుమ్మంలోకి వచ్చినట్టుగా ఆ ముఖం తేలికపడింది. అప్పుడు చెప్పారు, నెమ్మదిగా. నీళ్ళు ఊరి పొలిమేరకు వచ్చేశాయి. రాయి దాని చోట ఉండగానే అంకె వెయ్యాలి, ఆ తర్వాతే కదపాలి, అది నియమం. ఆ రోజు తొందరలో రెండు పదిహేడో రాళ్ళనూ ముందే దింపించి ఇసుకలో పక్కపక్కన పెట్టించారు. రంగు డబ్బా తెరిచేలోగా ఇంటినుంచి మజ్జిగన్నం వచ్చింది. ఆకలి. తినొచ్చి వేద్దాంలే, ఏది ఏ వైపుదో గుర్తుందిగా అనుకున్నారు. తినొచ్చి వేశారు. గుడి లేచి, ప్రతిష్ఠ జరిగిన రోజు, మంగళవాద్యాల మధ్య ఉత్తరం వైపు చూస్తే ఏనుగు ఎదురు నడుస్తోంది.

"అప్పుడే చెబితే రెండు రోజుల పని. చెప్పలేదు. అందరూ మెచ్చుకుంటున్నారు, ఇరవై రెండేళ్ళవాణ్ణి, నోరు రాలేదు. నివేదికలో యథాతథం అని రాశాను. అక్కడ గది కడతామన్నప్పుడు వద్దనవలసినవాణ్ణి నేనే. హమ్మయ్య అనుకున్నాను." ఆయన ఆమె వైపు తిరిగారు. "నువ్వా అధ్యాయం చదివి వినిపించిన రోజు చెబుదామనుకున్నానమ్మా. ఎంత బాగా రాశావో! నా తప్పుకు అంత అందమైన అర్థం చెప్పావు. పెరట్లోకి పోయి ఏడ్చాను గానీ చెప్పలేకపోయాను. మొన్న నువ్వు అడిగిన ప్రశ్న నన్ను యాభై ఏళ్ళలో ఎవరూ అడగలేదు."

పక్కనున్న కాగితం ఆమె చేతికిచ్చారు. జరిగినదంతా తన చేతివ్రాతతో, సంతకంతో ఉంది. గ్రంథం మొదటి పుటలో అచ్చు వేయమన్నారు.

"మీ పేరు పోతుంది గురువుగారూ!"

"యాభై ఏళ్ళు వాడుకున్నానుగా. పోనీ."

పని ముగిసేదాకా మెతుకు ముట్టని ఆ వ్రతం సంగతి అప్పుడర్థమైంది వకుళకు.  అడుగుదామని తెచ్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ చల్లారిపోయాయి. సవారమ్మ మాట మాత్రం చెప్పింది. ఊరి దిక్కు చూసేటట్టు తిప్పినవాడు చల్లగా ఉండాలన్నదని, ముసలమ్మ అన్నది అన్నట్టే చెప్పింది. పెద్దాయన ఉత్తరీయం ముఖానికి అడ్డుపెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. ఆయన తేరుకునేదాకా వకుళ కదలకుండా కూర్చుంది.

"రాళ్ళు మళ్ళీ మార్పించాలాండీ?"

"ఆ మాట నన్నడక్కు, ఆ మాట అనే హక్కు నాకు లేదు. సవారమ్మను అడుగు."

అప్పుడు వకుళ తన పుస్తకం ఆయన ముందు తెరిచి పెట్టింది. నలభై ఎనిమిది అంకెలు, ఒక్కో అంకె పక్కన తొండం ఎత్తు, వేళ్ళతో కొలిచింది. దక్షిణాన దిగుతూ, ఉత్తరాన ఎక్కుతూ. తిరగబడ్డ రెండింటి ఎత్తు కూడా వరసలో వేలెడు తేడా లేకుండా ఇమిడింది. ఆయన అంకెల వెంట వేలు నడిపారు. మొదటినుంచి చివరిదాకా ఒకసారి, చివరినుంచి మొదటిదాకా ఇంకోసారి. ఆ రాళ్ళన్నిటినీ చేత్తో ముట్టుకున్న మనిషి, ఆ వరసను యాభై ఏళ్ళుగా చూడలేదు. ఉత్తరం వైపు అడుగుపెట్టడానికే ఆయనకు ముఖం చెల్లలేదు కదా.

"నా పాత అధ్యాయం చింపేస్తున్నాను గురువుగారూ. మిగిలిన ఎనిమిది రోజుల్లో దీన్ని రాస్తాను. కానీ ఇది మాత్రం కట్టినవాళ్ళు అనుకున్నదేనని నాకెలా తెలుస్తుంది? రేపు ఇంకెవరో ఇంకో గది తలుపు తీస్తే?"

ఆయన చివరి పుట మీదనుంచి వేలు తియ్యలేదు.

"ప్రతి రాయికీ అంకె వేశావా?"

"వేశానండీ. అన్నీ ఉన్నచోట ఉండగానే."

శరభాచారి గారు లోపలికి తిరిగి, ఆకలేస్తోంది, మజ్జిగన్నం పెట్టమని కేకేశారు. తర్వాత పుస్తకం మూసి, రెండు చేతులతో శిష్యురాలికి అందించారు.

"అయితే ఇక కదుపు."